కాచు రంగు చీర

కోసా పట్టు మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే మెరుపు చచ్చిపోతుంది. అందుకని నీలవేణి మధ్యలో పాత వాయిలు గుడ్డ పరిచి, దాని మీద పెట్టెని మెల్లగా నడిపిస్తూ ఒక్కొక్క మడతా పోగొడుతుంది. తరవాత చీరని వెదురు కర్ర మీదికి ఎక్కించి, కుచ్చిళ్ళలాగా సన్నటి మడతలు పెట్టి, పైట చెంగు ముందుకి పడేలా సర్ది, కింద గుండుసూదులు గుచ్చుతుంది. బిలాస్‌పూర్ మంగ్లాలో ఊర్మిళ గారి మేడ మీద గదిలో నాలుగేళ్ళుగా ఆమె పని ఇదే. చాంపా నుంచి నేతగాళ్ళు కోసా చీరలు తెస్తారు. నీలవేణి వాటికి ఫొటోలు తీసి, కంప్యూటర్లో సరిచేసి ఆన్‌లైన్ పేజీలో పెడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఆ ఫొటోలు చూసి కొనుక్కుంటారు.

ఆ మంగళవారం పొద్దున బల్ల మీద కెమెరా పక్కనే ఒక కాగితం ఉంది. దాని మీద రెండు వరసలు రాసుకుంది. ఒక వరసలో అరవై ఒక్క మెగాపిక్సెళ్ళ మిర్రర్‌లెస్ కెమెరా. రెండో వరసలో కొత్త కంప్యూటరు, ముప్పై రెండు జీబీ మెమరీ, మంచి మానిటరు. కెమెరా పేరు కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

ఊర్మిళ గారు కాఫీ కప్పుతో పైకొచ్చి ఆ కాగితం చూశారు. ఆవిడది గుంటూరు. భర్త బ్యాంకు ఉద్యోగం మీద బిలాస్‌పూర్ వచ్చారు. వచ్చిన రెండో ఏడే ఈ వ్యాపారం పెట్టారు.

"ఏమిటి, తేల్చావా? ఈ ఏడు ఒక్కటే కొనగలం. ఏదన్నది నీ ఇష్టం. రోజూ పట్టుకునేదానివి నువ్వు."

"కెమెరానే మేడమ్. ఇప్పుడున్నదాంట్లో సన్న నేత మీద అలలు వచ్చేస్తున్నాయి. పెద్దది చేసి చూస్తే పోగు కనపడటం లేదు. అదైతే ప్రతి పోగూ విడివిడిగా కనపడతాది."

"అవును, అందరూ జూమ్ చేసే చూస్తున్నారు. శనివారంలోగా ఆర్డర్ పెట్టేద్దాం." ఆవిడ కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించారు. "ధనీరామ్ వచ్చాడు. కిందున్నాడు. ఆ మూడు చీరలూ ఇటియ్యి."

మూడు చీరలూ గోడ పక్కన స్టూలు మీద ఉన్నాయి. కొన్నవాళ్ళు తిప్పి పంపినవి. మూడింటి మీదా ఒకటే మాట రాసి ఉంది, ఫొటోలో ఉన్న రంగు కాదని.

ధనీరామ్ దేవాంగన్ మెట్లెక్కి, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. తనవే కాకుండా చాంపాలో తన వీధిలో ఇంకో మూడు ఇళ్ళ చీరలు కూడా మూట కట్టి తెచ్చేది ఆయనే. నీలవేణిని చూసి "బాగున్నావా నోనీ" అన్నాడు. ఛత్తీస్‌గఢీలో కూతుళ్ళని పిలిచే పిలుపు అది. ఆమె కూడా ఆయన్ని కకా అని, చిన్నాన్న వరసలో పిలుస్తుంది.

ఊర్మిళ గారు మూడింట్లో పైనున్న చీర విప్పి ఆయన ముందు పరిచారు. పక్కనే తన ఫోను పెట్టారు.

"చూడండి. ఫొటోలో దానిమ్మ గింజ రంగు. మీరిచ్చింది ఇది. ఆర్నెల్లలో ఇవి పదకొండు. అన్నీ మీ మూటలోవే. ఫొటో తీయించుకునేటప్పుడు ఒక చీరా, తరవాత ఇంకో చీరా ఇస్తే నేనేం చెయ్యను?"

ఆయన ఫోను వైపు చూడలేదు. ముందు చీర చెంగు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వెలుతురులో పట్టుకుని, అంచు తిరగేసి, బొటనవేలితో రుద్ది చూశాడు. తిరిగొచ్చి అప్పుడు ఫోను తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నా చీర కాదు," అన్నాడు.

"అదే నేనూ అంటున్నాను."

"కాదమ్మా. చేతిలో ఉన్నది నాది. ఈ ఫోనులోది నాది కాదు. మేం కాచుతో వేస్తాం. కాచుకి ఈ ఎరుపు రాదు."

"నేత మీదే, అంచు మీదే, రంగు మాత్రం మీది కాదా?" ఊర్మిళ గారు విసుగ్గా నవ్వారు. "ఇక ఈ రంగు తీసుకోను ధనీరామ్ గారూ. ఫొటోలో ఉన్న రంగు వస్తే తీసుకురండి. లేకపోతే వద్దు. మీ వీధిలోవాళ్ళకి కూడా చెప్పండి."

ఆయన వాదించలేదు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మూడు చీరల్నీ పాత మడతల మీదే మడిచాడు. మడత తప్పిన చోట మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. లేచి వెళ్ళబోతూ నీలవేణి దగ్గర ఆగి, "ఆ ఫొటో నా ఫోనుకి పంపు నోనీ," అన్నాడు. ఆమె పంపింది.

ఆయన మెట్లు దిగిపోయాక ఆమె తన కంప్యూటర్లో అదే ఫొటో తెరిచింది. తెర మీద చీర కాచు రంగులోనే ఉంది. ఇందాక ఆయన చేతిలో ఉన్న చీరలాగే ఉంది. ఫోను తీసి పక్కన పెట్టింది. ఫోనులో ఎర్రగా ఉంది. రెంటినీ మార్చి మార్చి చూసింది. ఫోన్లు మరీ ఎక్కువ రంగు చూపిస్తాయిలే అనుకుని, ఇస్త్రీపెట్టె మళ్ళీ పెట్టుకుంది. ఆ అనుకోవటం మనసులో సరిగ్గా కుదురుకోలేదు.

ఆ సాయంత్రం ఫొటో తీసి పేజీలో పెట్టేసిన ఇంకో కాచు రంగు చీరని సంచిలో పెట్టుకుని, ఊర్మిళ గారికి చెప్పి తోర్వాలో తన ఇంటికి తీసుకెళ్ళింది. తండ్రి రమణమూర్తి వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాడు. ఆయన రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

"ఏటే, చీర కొన్నావేటి?"

"కాదు నాన్నా. ఇది ఏ రంగో చెప్పు."

ఆయన చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి జరిపి, చీర కొస పట్టుకున్నాడు. "కాచు రంగు. కిళ్ళీలోకి రాస్తారు గదా, అది."

ఆమె ఫోను చూపించింది. "మరి ఇదో?"

"ఇది ఎరుపు. సిగ్నల్లో ఇది కనపడితే బండి ఆపీయాల."

"రెండూ ఒకటే చీర నాన్నా."

"ఒకటే చీరేటి? నాకు కళ్ళు పోనాయనుకుంటన్నావా? ముప్పయ్యేళ్ళు రంగులు చూసే బండి నడిపినాను. డాక్టరు దగ్గర రంగుల పరీక్షలో ఒక్కపాలి తప్పలేదు." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. పక్కింటి కోడలిని పిలిచి ఆమె ఫోనులో కూడా పేజీ తెరిపించాడు. అందులోనూ ఎరుపే. "చూసినావా? తప్పు నా కంటిది కాదు. ఇంకెక్కడో ఉంది."

నీలవేణి చీర మడిచి సంచిలో పెట్టుకుంది.

గురువారం పొద్దున దిలీప్ కెమెరా తెచ్చాడు. బుధవారీ బజారు దగ్గర స్టూడియో పెట్టుకుని పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. వాళ్ళ నాన్న, రమణమూర్తి ఒకే రైలింజన్ల షెడ్డులో పనిచేశారు. కొనబోయే ముందు ఒక్కసారి పట్టుకుని చూస్తానని ఆమె అడిగితే, పని మానుకుని మరీ వచ్చాడు.

"సంభల్ కే అక్కా, జాగ్రత్త. ఇది నా జాన్. పదకొండింటికి వాపస్ కావాలి, చకర్‌భాటాలో రిసెప్షన్ ఉంది."

కెమెరా ఆమె అనుకున్నంత బరువు లేదు. అద్దం కదిలే ఆ టప్ మనే చప్పుడు లేకపోవటంతో, ఫొటో పడిందో లేదో తెలియక మొదట రెండుసార్లు నొక్కింది. ముందు ఎప్పటిలాగే బూడిద రంగు అట్టముక్క చీర పక్కన పెట్టి ఒక ఫొటో తీసుకుంది. తెలుపు ఏదో కెమెరాకి తెలిసేది దాంతోనే. తరవాత చీర. తరవాత పైట. తరవాత అంచు. వెనక చిన్న తెర మీద పెద్దది చేసి చూసింది. అలలు లేవు. కోసా పోగు ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా, ఎక్కడో చిన్న ముడితో, చేతిలో పట్టుకున్నట్టే ఉంది. ఆ ముడి మీద వేలు పెట్టబోయి తెర మీద వేలు పెట్టింది.

"బాగుంది కదా?" అన్నాడు దిలీప్.

"చాలా బాగుంది రా."

"ఇప్పుడు ఫైల్ సైజు చూసి ఘబరా అవకు."

పన్నెండు ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించేసరికి పావుగంట పట్టింది. మొదటి ఫొటో తెరవగానే తెర తెల్లబోయి నిలిచిపోయింది. మౌసు గుర్తు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. దిలీప్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, సచ్ చెప్పనా? కెమెరా కొంటే అయిపోదు. దీని ఫొటోలు మొయ్యాలంటే కంప్యూటరు కూడా ఉండాలి. నేను ముందు కెమెరా కొని, మూడు నెలలు ఏడ్చాను."

చివరికి ఫొటో తెరుచుకుంది. తెర మీద చీర పాలిపోయి ఉంది, నీళ్ళలో నానబెట్టి తీసినట్టు. నీలవేణి చెయ్యి అలవాటుగా మౌసు మీదికి వెళ్ళింది. ఎరుపు పెంచే గీటుని కుడివైపు జరపటం మొదలుపెట్టింది. పది. ఇరవై. ఇరవై ఆరు దగ్గర తెర మీది చీర కర్ర మీది చీరతో కలిసింది. అప్పుడామె చెయ్యి ఆగింది.

గీటుని వెనక్కి, సున్నాకి తెచ్చింది. ఏమీ చెయ్యని ఫొటోని తన ఫోనుకి పంపుకుంది. ఫోను పట్టుకుని కర్ర దగ్గరికి నడిచింది. ఫోనులో కాచు రంగు. కర్ర మీద కాచు రంగు.

అనుమానం తీరక, తన పాత కెమెరాతో కిందటి నెల తీసిన ఫొటో కూడా, ఏ మార్పూ లేనిది, వెతికి పంపుకుంది. అదీ కాచు రంగే. పాత కెమెరా నాలుగేళ్ళుగా నిజమే చెబుతోంది.

దిలీప్ వచ్చి మానిటరు అంచుని గోటితో తట్టాడు. "దీనికి బుఢాపా వచ్చేసింది అక్కా, ముసలిదైపోయింది. ఎరుపు కనపడటం లేదు. ఎన్నేళ్ళది?"

"నేను రాకముందుది."

"మరి ఇన్నాళ్ళూ రంగులు ఎలా సరిచేశావు?"

చేసిన ప్రతి మార్పునీ ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టుకుంటుంది. దిలీప్ కెమెరా తీసుకుని వెళ్ళిపోయాక, ఆమె వెనక్కి తిరిగొచ్చిన పదకొండు చీరల ఫొటోలూ ఒక్కొక్కటే తెరిచింది. ఎరుపు ఇరవై రెండు. ఎరుపు ఇరవై ఎనిమిది. ఎరుపు ముప్పై. వేసింది ఎవరో కాదు, తనే. ధనీరామ్ కకా మోకాళ్ళ మీద కూర్చుని చీర మడుస్తున్నప్పుడు తను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇవాళే అన్ని ఫొటోల్లోనూ ఎరుపు తగ్గించేసి మళ్ళీ పెట్టేస్తే సరిపోతుంది. ఇకపైన ఫోనులో చూసుకుంటూ సరిచెయ్యొచ్చు. శనివారంలోగా కెమెరాకి ఆర్డర్ వెళ్తుంది. ఆ పోగు, ఆ ముడి. ఆమె మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. తరవాత కాగితం తీసి కెమెరా పేరు కొట్టేసింది.

శుక్రవారం ఊర్మిళ గారు కింద హాల్లో పార్సెళ్ళు కడుతున్నారు. నీలవేణి టేపు కత్తిరించి అందిస్తూ చెప్పటం మొదలుపెట్టింది. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"అంటే ఇన్నాళ్ళూ రంగు వేసింది నువ్వా?"

"నేనే మేడమ్. ఆ మానిటర్లో పాలిపోయి కనపడితే, చీరతో కలపాలని ఎరుపు పెంచుకుంటూ పోయాను. తప్పు నాదే. ఆయన ఇచ్చిన చీర ఆయన ఇచ్చినట్టే ఉంది."

ఊర్మిళ గారు టేపు అక్కడే వదిలేశారు. ముఖం ఎర్రబడింది. "ఆర్నెల్ల నుంచి నేను ఆ ముసలాయన్ని నిలబెట్టి అడుగుతున్నాను. నువ్వక్కడే ఉన్నావు."

"నాకూ నిన్నే తెలిసింది."

ఆవిడ పెన్ను తీసుకున్నారు. ఒక పార్సెల్ మీద అడ్రసు రాసి, అక్షరం తప్పు పోయి, మళ్ళీ రాశారు. "సరే. మానిటరు, కంప్యూటరు తీసుకో. రంగు సరిచూసే ఆ పరికరం ఏదో ఉంటుందన్నావుగా, తెర మీద పెట్టేది, అదీ తీసుకో. కెమెరా వచ్చే ఏడు చూద్దాం. ఫొటోలన్నీ మళ్ళీ పెట్టు."

"ధనీరామ్ కకాకి ఏం చెప్దాం?"

"ఏం చెప్తాం? మళ్ళీ ఆర్డరిస్తాం. ఇస్తే ఆయనకే తెలుస్తుంది." నీలవేణి కదలకపోవటం చూసి అన్నారు. "తప్పు మాదే అని చెప్పామనుకో, రేపు ప్రతి చీరకీ ఫొటో తప్పే అంటారు. వ్యాపారం నడవదు నీలవేణీ. వదిలెయ్యి."

ఆవిడ కఠినంగా అనలేదు. అలసటగా అన్నారు. నీలవేణి తల ఊపింది. ఒప్పుకున్నట్టా, విన్నట్టా అన్నది ఆమెకే తెలియలేదు.

ఆదివారం సెలవు. పొద్దున్నే మెమూ రైలు ఎక్కింది. ఎక్కాక ఊర్మిళ గారికి మెసేజ్ పెట్టింది. 'చాంపా వెళ్తున్నాను మేడమ్. చెప్పకుండా వెళ్ళటం బాగుండదని రాస్తున్నాను.' ఆవిడ చూసినట్టు టిక్కు గుర్తు పడింది. జవాబు రాలేదు. అకల్తరా దాటాక బండి ఒక గూడ్సుకి దారిచ్చి అరగంట నిలబడిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషి బఠాణీలు ఇవ్వబోతే వద్దంది. ఏం చెప్పాలో హిందీలో కూర్చుకుంటోంది.

ధనీరామ్ ఇల్లు వెతుక్కోవటం కష్టం కాలేదు. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. కానీ వీధిలోకి తిరగ్గానే ఆమె ఆగిపోయింది.

వీధి పొడుగునా వెదురు కర్రల మీద కోసా నూలు చిలపలు, దారం వదులుగా చుట్టిన కట్టలు, ఆరుతున్నాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి. దానిమ్మ గింజ ఎరుపు. కింద మట్టి మీద కారిన నీళ్ళు కూడా అదే ఎరుపు.

ధనీరామ్ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉన్నాయి. "అరే నోనీ! నువ్వే వచ్చావా? చూశావా, రంగు కుదిరింది." ఫోను తీసి, ఆమె పంపిన ఫొటో తెరిచి, ఆరుతున్న చిలప పక్కన పెట్టి చూపించాడు. "రంగుల కొట్టులో ఈ ఫొటోనే చూపించాను. మూడు పొట్లాలు కలిపితే గాని ఇది రాలేదు. పక్కిళ్ళవాళ్ళకి కూడా చెప్పాను. ఇక ఒక్క చీర తిరిగి రాదు."

ఫొటోకి, నూలుకి వెంట్రుకవాసి తేడా లేదు.

"మరి కాచు రంగు, కకా?" అంది.

"ఇక దాంతో పనేముంది? కాచు కుండలు కడిగేశాం." తేలిగ్గానే అన్నాడు గానీ, అంటూ ఫోను జేబులో పెట్టుకుని అటు తిరిగాడు.

రైల్లో కూర్చుకున్న మాటలేవీ ఆమెకి గుర్తు రాలేదు. "కకా, ఆ ఫొటో తప్పు," అంది. "నా కంప్యూటరు తెర పాడైంది. నాకు సరిగ్గా కనపడక ఎరుపు నేనే పోశాను. నీ చీర మంచిదే. నీ కాచు మంచిదే." తన ఫోనులో, ఏమీ చెయ్యని ఫొటో తీసి ఆయనకిచ్చింది.

ఆయన అరుగు మీద కూర్చుని రెండు చేతులతో ఫోను పట్టుకుని చూశాడు. చెంగు, అంచు, మళ్ళీ చెంగు.

"ఆ, ఇది నాది," అన్నాడు చివరికి. తరవాత వీధిలో ఆరుతున్న నూలు వైపు చూశాడు.

అప్పుడే ఊర్మిళ గారు ఫోను చేశారు. "చేరావా? ఏమన్నాడు?" నీలవేణి తను చూస్తున్నది చెప్పింది. ఎన్ని చిలపలో, ఎవరెవరి ఇళ్ళ ముందో.

"నేనే అన్నాను, ఫొటోలో రంగు తెమ్మని," అన్నారు ఊర్మిళ గారు. "ఆ నూలు నేసెయ్యమను. ఎరుపు చీరలని పేరు పెట్టే అమ్ముదాం, అన్నీ నేనే తీసుకుంటాను. కాచు రంగు మళ్ళీ వెయ్యమను. తిప్పి ఇచ్చినవి కూడా తెచ్చెయ్యమను. ఫోను ఆయనకివ్వు. కాదు, ఉండు... ఇవ్వు."

ధనీరామ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "హాఁ... హాఁ..." అంటూ విన్నాడు. పెట్టేశాక ఎర్రటి చేతులు పంచెకి తుడుచుకుని లేచాడు.

"నాకు చెప్పావు సరే. వాళ్ళకి నేను చెబితే నమ్మరు నోనీ. నా మాట మీదే కుండలు కడిగేశారు. నువ్వే చెప్పు, పద."

మొదటి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నూలు చుడుతున్నారు. ఆమె వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో, మిగతాది హిందీలో చెప్పింది. తప్పు చీరది కాదు, ఫొటోది, ఫొటో చేసింది నేను. ఆ భర్త, "అంత దూరం నుంచి ఇది చెప్పటానికొచ్చావా?" అని మంచినీళ్ళిచ్చాడు. రెండో ఇంట్లో ఆడమనిషి అంతా విని, మా పొట్లాల ఖర్చు మాటేమిటని గట్టిగానే అడిగింది. ఆ నూలు మేడమ్ తీసుకుంటారని ధనీరామ్ సర్దిచెప్పాడు. ఆవిడ మెత్తబడలేదు. నీలవేణి తల వంచుకుని అక్కడినుంచి బయటికొచ్చింది.

మూడో ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ చేటలో బియ్యం ఏరుతోంది. నీలవేణి ఆమె పక్కన గొంతుక్కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మూడోసారికి మాటలు కొంచెం సులువుగా వచ్చాయి. ముసలావిడ వింటూనే మెరిక ఏరి పారేసి, చేట పక్కన పెట్టింది.

"నాకు చెబితే ఏం లాభం? కాచు కలిపేది మా కోడలు. తన చేతి రంగు బాగాలేదన్నారని మంగళవారం నుంచి అది సరిగ్గా తిండి తినటం లేదు." లోపలి చీకటి గది వైపు వేలు చూపించింది. అక్కడ గుంట మగ్గం టకటకా ఆడుతోంది. "ఆ చప్పుడులో దానికేం వినపడి ఉంటుంది? లేచి గుమ్మంలో నిలబడు. మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు."

నీలవేణి లేచి, గడప మీద చెయ్యి ఆనించి, లోపలికి వంగి గొంతెత్తి మళ్ళీ చెప్పింది.

లోపల మగ్గం ఆగింది.